పక్కవారి మోకాలితో పోల్చుకోవద్దు



మా సంఘములో ఇద్దరు తల్లులున్నారు. ఒకరు మా అమ్మ. మరొకరు సండే స్కూలు పిల్లలందరూ పెద్దమ్మా అని పిలిచే సహోదరి. ఇద్దరూ కోనసీమ వరిచేలలో నడుము వంచి ఊడ్పులు ఊడ్చినవారే. అరవై దాటాక ఇద్దరి మోకాళ్ళూ అరిగిపోయాయి.

ముందు మేము చేసిన తప్పు ఒప్పుకోవాలి. అమ్మ ప్రార్థనలో మోకాళ్ళూని, తిరిగి లేవలేక పక్కవారి భుజము పట్టుకొనడము చూస్తూనే మూడేళ్ళు నూనెలతో, నొప్పి బిళ్ళలతో నెట్టుకొచ్చాము. ఖర్చుకు భయపడ్డాము. "పాస్టరుగారి తల్లికే స్వస్థత లేదా?" అంటారేమోనని సిగ్గుపడ్డాము కూడా. చివరకు కాలు విల్లులా వంగిపోయాక రాజమండ్రి తీసుకువెళ్ళాము. మోకాలు మొత్తము మార్చారు.

కొన్నాళ్ళకు ఆ సహోదరికీ ఆపరేషన్ జరిగింది. ఆమెకు సగము మోకాలే మార్చారు. మూడవనాడు ఇంటికి వచ్చి, నెల తిరిగేసరికి మందిరము మెట్లెక్కింది. అమ్మ రెండు నెలలు వాకరు పట్టుకునే నడిచింది. ఒకరాత్రి, "నాకు చౌకది వేయించారా నాయనా?" అని అడిగింది. మాకు నిద్ర పట్టలేదు.

మరునాడే డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాము. ఆయన ఎక్స్‌రే చూపించి ఓపికగా చెప్పారు. మోకాలిలో మూడు భాగాలున్నాయి: లోపలి వైపు, బయటి వైపు, చిప్ప వెనుక. అరుగుదల ఒక్క భాగములోనే ఉండి, లోపలి లిగమెంట్లు గట్టిగా ఉంటే, ఆ భాగానికి మాత్రమే లోహపు తొడుగు వేసి మధ్యన ప్లాస్టిక్ బిళ్ళ పెడతారు. కోత చిన్నది, త్వరగా కోలుకుంటారు, మోకాలు సొంతదానిలాగే అనిపిస్తుంది. అరుగుదల అంతటా పాకినా, కాలు బాగా వంకర తిరిగినా మొత్తము మార్చవలసిందే. అమ్మది ఈ రెండవ రకము.

"అయితే చిన్నదే మేలా?" అని అడిగాము. ఒక్క వైపే అరిగిన 528 మందిపై బ్రిటన్‌లో జరిపిన పరిశీలన 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అయిదేళ్ళ తరువాత నొప్పిలోను, నడకలోను రెండు రకాలవారూ దాదాపు సమానముగానే ఉన్నారు. అదే ఏడు అదే పత్రికలో వచ్చిన మరో లెక్క ప్రకారము, 25 ఏళ్ళకు మొత్తము మార్చినవి నూటికి సుమారు 82, సగము మార్చినవి సుమారు 70 నిలిచి ఉన్నాయి. ఒకటి త్వరగా నడిపిస్తుంది, ఒకటి ఎక్కువకాలము నిలుస్తుంది. చౌక, ఖరీదు అన్న మాటే కాదు. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ధరలకు కళ్ళెము వేసి, మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలికి పన్ను కాక 54,720 రూపాయలు గరిష్ఠముగా నిర్ణయించింది.

లేచి వస్తూ ఒక్కటే అడిగాము: "మూడేళ్ళ ముందే తెచ్చి ఉంటే అమ్మకు చిన్నది సరిపోయేదా?" ఆయన కాసేపు ఆగి, "సరిపోయేదేమో, పాస్టరుగారూ. ఇప్పుడది చెప్పలేము" అన్నారు.

ఇంటికి వచ్చి ఆ మాట దాచకుండా అమ్మకు చెప్పి, క్షమించమని అడిగాము. అమ్మ మా తల నిమిరి, "చేలో అరిగిన మోకాలు మీవల్ల అరగలేదులే" అంది.

చదువరులారా, నొప్పి ఉన్న అందరికీ ఆపరేషన్ అక్కరలేదు. బరువు తగ్గడము, తొడ కండరాల వ్యాయామము ముందు చేయవలసినవి. అయినా తగ్గకపోతే సిగ్గుతో ఆలస్యము చేయకండి. నిలబెట్టి తీసే ఎక్స్‌రే తీయించి, ఎన్ని భాగాలు అరిగాయో డాక్టరును అడగండి. పక్కవారి మోకాలికి సరిపోయినది మీకు సరిపోవాలని లేదు.

ఇప్పుడు ఆ తల్లులిద్దరూ నొప్పి లేకుండా నడుస్తున్నారు. కాని నేలమీద మోకాళ్ళూనడము ఇద్దరికీ కష్టమే. మందిరములో చాపల వెనుక రెండు కుర్చీలు వేశాము. మొదట అమ్మ అందులో కూర్చోవడానికి నొచ్చుకుంది. మోషే అలసిపోయినప్పుడు అహరోను, హూరు రాయి వేసి కూర్చుండబెట్టిన సంగతి జ్ఞాపకము చేశాము. కూర్చుని చేసినా అది ప్రార్థనే. రాయి తెచ్చి వేయడము మాత్రము పక్కనున్నవారి పని. మేము ఆ పని మూడేళ్ళు ఆలస్యముగా చేశాము. మీరు చేయకండి.