మా అత్తయ్య పోసిన నీళ్లు

హాంబుర్గ్‌లో మాది మూడో అంతస్తు. హాల్లో ఉన్న ఒక్క పెద్ద కిటికీ ఉత్తరం వైపు. డిసెంబరు నెలాఖరుకి ఇక్కడ పగలు ఏడున్నర గంటలే, అందులోనూ సూర్యుడు మొహం చూపించే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వచ్చిన ఏడాది సామర్లకోట నుంచి విత్తనాలు తెచ్చి తులసి వేశాను. సంక్రాంతికల్లా పోయింది. మళ్లీ వేశాను, మళ్లీ పోయింది. కరివేపాకు సంగతి అడక్కండి. ఆ తర్వాత ఓ రోజు సూపర్‌మార్కెట్‌లో పాల డబ్బాల పక్కన, కత్తుల్లా నిటారుగా నిలబడి, ఆకుల అంచుకు పసుపు జరీ కుట్టినట్టున్న మొక్క కనిపించింది. మనవాళ్లంతా స్నేక్ ప్లాంట్ అంటారే, అది. చీటీ మీద జర్మన్‌లో ‘బోగెన్‌హాన్ఫ్’ అని ఉంది. వెలుతురు తక్కువున్నా బతుకుతుందని కూడా ఉంది. ఆ ఒక్క ముక్క చాలు, కొనేశాను.

మూడేళ్లు నిక్షేపంగా ఉంది. నేను పట్టించుకోకపోవడం వల్లే అలా ఉందని అప్పుడు తెలీదు.

ఆ సెప్టెంబరు చివర్లో అత్తయ్య వచ్చారు. విజిటర్ వీసా, 90 రోజులు. మేమిద్దరం పొద్దున్నే ఆఫీసులకు పోతాం. బయట చలి, ఆవిడకు భాష రాదు. ఇంట్లో ప్రాణమున్న తోడంటే ఆ మొక్కే. స్నానం చేసి, దీపం పెట్టి, ఆ చేత్తోనే చిన్న రాగి చెంబుతో నీళ్లు తెచ్చి దాని మొదట్లో పోసేవారు. తులసి లేకపోయె, పొద్దున్నే నీళ్లు పోయడానికి ఏదో ఒక మొక్క ఉండాలిగా. నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు. అంత దూరం నుంచి వచ్చిన పెద్దావిడకి, మొక్కకు నీళ్లు పోయకండని ఏ నోటితో చెబుతాం?

నవంబరులో ఇంట్లో చిన్న చిన్న నల్లదోమలు మొదలయ్యాయి. కుట్టవు, టీ కప్పులో పడి చస్తాయి. కింద ఫ్లాట్ ఆవిడకు చూపిస్తే “ట్రౌవర్‌మ్యూకెన్” అంది. మాటకు మాట అర్థం చెప్పుకుంటే శోకదోమలు. తడి మట్టిలో గుడ్లు పెడతాయట. పసుపు రంగు జిగురు అట్ట ఒకటి కుండీలో గుచ్చమంది. గుచ్చాను. రెండు రోజుల్లో అట్ట నువ్వులు చల్లినట్టయింది. శోకం ఎవరి కోసమో నాకు అప్పటికీ తట్టలేదు.

డిసెంబరు మొదటి వారంలో ఓ ఆదివారం, అన్నిటికన్నా పొడుగాటి ఆకు ఏ చప్పుడూ లేకుండా పక్కకు వాలింది. చేత్తో పట్టుకుంటే మొదలంటా ఊడొచ్చింది. పైన రెండడుగులూ పచ్చగా, గట్టిగానే ఉంది. కింద నాలుగంగుళాలు మాత్రం ఉడికిన చేమదుంపలా వేళ్లకు అంటుకుంది. కుళ్లిన ఉల్లిపాయ వాసన. అప్పుడు ఎత్తి చూశాను. మొక్క ఉన్న ప్లాస్టిక్ కుండీకి అడుగున చిల్లులున్నాయి. దాన్ని నేను అందం కోసం తెల్ల పింగాణీ కుండీలో దించాను, దానికి చిల్లు లేదు. అందులో నాలుగు వేళ్ల లోతున నీళ్లు నిలిచి ఉన్నాయి. పాపం అత్తయ్య పోసింది చెంబుడే. బయటకు పోయే దారి లేకుండా చేసింది నేను.

ఈ మొక్క కాపురం చేసే తీరు వేరు. మామూలు మొక్కలు పగలు ఆకుల మీది సన్నని రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. ఇది ఎండ పోయేదాకా ఆగి, రాత్రిపూట తెరుస్తుంది. అప్పుడు పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని, పొద్దున వెలుతురు వచ్చాక దాంతో వంట చేసుకుంటుంది. ఆకుల్లోనూ, మట్టిలోని దుంపల్లోనూ నీళ్లు నిలవ ఉంటాయి. నైజీరియా నుంచి కాంగో దాకా దీని పుట్టిల్లు, వానల్లేని నెలలు దానికి కొత్త కాదు. అలాంటిదాన్ని చీకటి నవంబరులో, ఎదుగుదల దాదాపు ఆగిపోయిన కాలంలో, రోజూ తడిపితే వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోయింది.

బాత్‌టబ్‌లో పాత పేపరు పరిచి మట్టి దులుపుతున్నాను. అత్తయ్య చిన్నబోయిన మొహంతో గుమ్మంలో నిలబడ్డారు. “నీళ్లు పోస్తే చచ్చే మొక్కేమిటమ్మాయ్!” అని వచ్చి పక్కన కూర్చుని, కుళ్లిన ఆకును గోటితో చీల్చారు. మెత్తటి కండంతా జారిపోయి, లోపలి నుంచి తెల్లటి పోగులు, సన్నగా, పట్టు దారాల్లా వచ్చాయి. రెండు పోగులు తొడ మీద వేసి పురి పెట్టి లాగి చూశారు. తెగలేదు. “ఇది చాగ కాదూ! మా పుట్టింటి దొడ్డి కంచె పొడుగునా ఉండేది. ఇంత పొడుగు కాదు, ఈ జరీ లేదు. మా తాత నార తీసేవాడు” అన్నారు.

చేతులు కడుక్కుని వచ్చి వెతికాను. చాగ నిజంగానే దీనికి దాయాది, మన గడ్డ మీద పుట్టింది. చాలాకాలం వాడుకలో ఉన్న శాస్త్రీయ నామం సాన్సెవేరియా రాక్స్‌బర్గియానా. ఆ పేరులో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి మా సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచి, బొమ్మలు గీయించి, 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్లిన వైద్యుడు. చాగకు సంస్కృతంలో మూర్వ అని పేరు చెబుతారు. మూర్వ నారతో చేసింది కాబట్టి వింటినారి మౌర్వి అయింది. ఇక జర్మన్ చీటీ మీద మూడేళ్లు చూసిన ‘బోగెన్‌హాన్ఫ్’కి అర్థం వింటి జనపనార. నేను జర్మన్ పరీక్షలు రెండు పాసయ్యాను, ఆ మాటను ఒక్కసారి విడదీసి చదివిన పాపాన పోలేదు. బడి మొహం అంతంతమాత్రంగా చూసిన అత్తయ్య గోటితో చీల్చి చదివేశారు.

జర్మన్‌లో దీనికి ఇంకో పేరుంది. ఇంగ్లిష్‌లోనూ అదే: అత్తగారి నాలుక. ఆ సంగతి దాచాను. ఆ సాయంత్రం అన్నం దగ్గర మా ఆయన నోరు జారారు. నేను కంచంలోకి తల దించుకున్నాను. అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించి, “అంత పొడుగు నాలుకైతే మరి నీళ్లు ఎక్కువే తాగాలిగా!” అన్నారు.

మిగిలిన మొక్కకు కుళ్లంతా కోసేసి, గాయం ఆరేదాకా నాలుగు రోజులు పేపరు మీద పడుకోబెట్టాను. తర్వాత ఇసుక కలిపిన కాక్టస్ మట్టిలో, చిల్లున్న మట్టి కుండీలో పాతాను. ఊడిన ఆకు పచ్చ భాగాన్ని అత్తయ్య మూడు ముక్కలు చేసి, కిందిది కిందికే ఉండేలా ఇంకో కుండీలో గుచ్చి, డిసెంబరు నెలాఖరులోపే ఇంటికి వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో ఒక ముక్క పక్కన పిలక లేచింది. వీడియో కాల్‌లో చూపించాను. “జరీ ఏదమ్మా?” అన్నారు. లేదు. పసుపు అంచు ఆకు ముక్క నుంచి పుట్టిన పిల్లకు రాదు, దుంపతో విడదీసిన పిలకకే వస్తుంది. “పోన్లే, ఇప్పుడు అచ్చం చాగలా ఉంది” అని ఆవిడే సరిపెట్టుకున్నారు.

ఈ మొక్క రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందని, గాలిని శుభ్రం చేస్తుందని నాసాయే చెప్పిందని, పడగ్గదిలో పెట్టుకోమని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. రాత్రి తెరిచేది పీల్చడానికే, వంట పగటి వెలుతురులోనే. ఇక ఆ 1989 నాటి నాసా పరిశోధన మూసేసిన చిన్న పెట్టెల్లో చేసింది, మన ఇళ్లలో కాదు. కిటికీ తెరిస్తే జరిగే పని మొక్కలతో జరగాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో ఒక సమీక్ష లెక్కకట్టింది. జర్మన్లు గడ్డకట్టే చలిలో కూడా పొద్దున్నే కిటికీలు బార్లా తెరుస్తారు. నాకు అదే నయమనిపిస్తుంది, మొక్కను మాత్రం కిటికీ దగ్గర నుంచి జరిపి మరీ. చలిగాలి తగిలితే ఆకులు నీరుగారి మెత్తబడతాయి. ఇంట్లో పిల్లి ఉంటే అందని చోట పెట్టండి, ఆకు కొరికితే వాంతులవుతాయి.

ఇప్పుడు నీళ్లు పోసే ముందు, దేవుడి దగ్గర కాలిపోయిన అగరొత్తి పుల్ల ఒకటి తీసి కుండీలో అడుగంటా గుచ్చి తీస్తాను. మట్టి అంటుకుంటే పోయను. పుల్ల శుభ్రంగా వస్తేనే, సింకులో పెట్టి అడుగు నుంచి కారేదాకా పోసి, పూర్తిగా వడిశాక లోపలికి తెస్తాను. వేసవిలో రెండు మూడు వారాలకోసారి. ఈ చలికాలం మొత్తం మీద రెండే సార్లు, నవంబరు మొదట్లో ఒకటి, జనవరిలో ఒకటి. అత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా “చాగకి నీళ్లు పోశావా?” అని అడుగుతూనే ఉంటారు. పోశానంటాను.

మీ ఇంట్లో ఈ మొక్క పింగాణీ కుండీలో ఉంటే, ఈ పూటే ఒకసారి పైకెత్తి అడుగున చూడండి.