ఉప్పు నేల మీద పాత కారు



వేగమంటే భయపడే తల్లిదండ్రులకూ, వేగమంటే ఇష్టపడే పిల్లలకూ మధ్య ప్రతి ఇంట్లో ఏదో ఒక రోజు మాట పట్టింపు వస్తుంది. సంఘ కాపరిగా నేను రెండు పక్షాల మాటలూ విన్నాను. మోటారు సైకిలు కొనిపెట్టమని అన్నం మానేసిన కుర్రవాళ్లను చూశాను. కొనిపెట్టిన తరువాత ఆసుపత్రి వరండాలో తల పట్టుకొని కూర్చున్న తండ్రులనూ చూశాను. నా పరిచర్యలో ఇద్దరు యువకుల భూస్థాపన కూడికలు నేనే జరిపించవలసి వచ్చింది. ఇద్దరికీ ఇరవై రెండేళ్లు నిండలేదు. అందుచేత ఈ నెల వేగం గురించే నాలుగు మాటలు రాయాలనుకున్నాను. అయితే నేను చెప్పబోయేది మన రోడ్ల సంగతి కాదు. అమెరికాలో ఒక పెద్దాయన తన షెడ్డులో 1934 నాటి ఫోర్డు కారును పరుగు పందెం నిమిత్తం ఎలా తయారుచేశాడో, ఆ ఇంట్లోవాళ్లు ఆ పనిని ఎలా సహించారో చెబుతాను.

2019 వేసవిలో కాలిఫోర్నియాలో ఉన్న మా బావమరిది ఇంటికి నేనూ నా భార్యా వెళ్లాం. ఒక సాయంత్రం పక్కింటి వైపు నుండి లేత్ మిషన్ చప్పుడు వినబడింది. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద ముప్పై ఏళ్లు పనిచేశారు. ఇనుప రజను వాసన, కటింగ్ ఆయిల్ పొగ నాకు పసితనం నుండీ తెలుసు. "బావగారూ, అక్కడికి వెళ్తే మీరు భోజనానికి కూడా రారు" అని మా బావమరిది నవ్వాడు. అతను అన్నట్టే జరిగింది.

ఆ పెద్దాయనకు అప్పటికి డెబ్బై ఒక్క సంవత్సరాలు. ఒక కర్మాగారంలో మిషనిస్టుగా చేసి రిటైరైనవాడు. షెడ్డు మధ్యలో రెండు తలుపుల చిన్న కారు బాడీ దిమ్మెల మీద నిలబెట్టి ఉంది. ముందు సీటు వరుసతోనే ముగిసిపోయే అలాంటి బాడీని కూపే అంటారు. చక్రాలు లేవు, రంగు లేదు. ఎవరిదో పశువుల కొట్టంలో తుప్పు పట్టి పడివుంటే కొని తెచ్చాడట. అప్పటికే ఎనిమిదేళ్లుగా దాని మీద పనిచేస్తున్నాడు.

ఉప్పు మైదానం

ఆ కారు పరుగెత్తవలసిన చోటు యూటా రాష్ట్రంలోని బోనవిల్ ఉప్పు మైదానం. వేల సంవత్సరాల క్రితం అక్కడ ఒక మహా సరస్సు ఉండేది. అది ఎండిపోగా మిగిలిన ఉప్పు పొర సుమారు 30,000 ఎకరాల మేర బల్లపరుపుగా పరుచుకొని ఉంది. అందులో ఎక్కువ భాగం మనం కూరలో వేసుకునే ఉప్పే. చలికాలంలో దాని మీద నీళ్లు నిలుస్తాయి. ఎండాకాలంలో ఆ నీళ్లు ఆవిరై, నేల మళ్లీ గట్టిపడి తెల్లగా మెరుస్తుంది.

1914లో టెడ్డీ టెట్జ్‌లాఫ్ అనే డ్రైవరు అక్కడ గంటకు 141 మైళ్ల వేగం అందుకున్నాడు. 1935లో ఇంగ్లండు దేశస్థుడు మాల్కం క్యాంప్‌బెల్ అదే నేల మీద 300 మైళ్లు దాటాడు. 1970లో గ్యారీ గాబెలిచ్ రాకెట్టు బండిలో 622 మైళ్లు దాటించాడు. ఇవన్నీ గొప్ప ధనసహాయంతో జరిగిన పనులు. కానీ 1937లో దక్షిణ కాలిఫోర్నియాలో కొందరు యువకులు ఎండిన సరస్సుల మీద తమ పాత కార్లను పందెం తోలుకోవడానికి ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1949 నుండి వారే బోనవిల్‌లో ఏటా "స్పీడ్ వీక్" జరుపుతున్నారు. అక్కడికి వచ్చేవారిలో చాలామంది మెకానిక్కులు, వెల్డర్లు, చిన్న ఉద్యోగులు. గెలిచినవారికి డబ్బు బహుమానం ఏమీ ఉండదు. వేగం అచ్చువేసిన చిన్న కాగితం చేతికిస్తారు, అంతే. దాని కోసమే సంవత్సరాల తరబడి కష్టపడతారు.

న్యూజీలాండ్ నుండి బర్ట్ మన్రో అనే పెద్దమనిషి 1920 నాటి మోటారు సైకిలు తీసుకొని అక్కడికి వచ్చేవాడు. ఆ బండి పేరు "ఇండియన్". మన దేశంతో దానికి సంబంధం లేదు, అది అమెరికా కంపెనీ పేరు. పిస్టన్లు కూడా తానే పోతపోసుకొనేవాడు. 1967లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, గంటకు 184 మైళ్ల రికార్డు సాధించాడు. పగిలిపోయిన భాగాలన్నీ ఒక అలమరలో పెట్టి, వేగదేవుడికి అర్పణలు అని వేళాకోళంగా రాసుకున్నాడట. ఆ మాట సేవకునిగా నాకు నచ్చలేదు గాని, పాడైన ప్రతి ముక్కనూ పారేయకుండా దాచి, దాని నుండి నేర్చుకున్న ఓపిక మాత్రం నచ్చింది.

గాలితో పోరాటం

"ఇంజను బలంగా ఉంటే చాలదా? కారు పైకప్పు ఎందుకు కోస్తున్నారు?" అని నేను అడిగాను. పెద్దాయన సుద్దముక్క తీసుకొని నేల మీద లెక్క వేశాడు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి కావలసిన బలం ఎనిమిది రెట్లవుతుంది. 1934 ఫోర్డు ఇంజను బలం 85 గుర్రాలు. దానితో కారు సుమారు 85 మైళ్లు పోయేది. అదే ఆకారంతో 170 మైళ్లు పోవాలంటే 680 గుర్రాల బలం కావాలి. ఆ పాత ఇంజను నుండి అంత బలం రాబట్టడం అయ్యే పని కాదు. గనుక గాలికి తగిలే మొహాన్ని తగ్గించాలి.

అందుకే పైకప్పును నాలుగు అంగుళాలకు పైగా కోసి కిందికి దించుతారు. చెప్పడం తేలికే. స్తంభాలు ఏటవాలుగా ఉంటాయి గనుక కప్పు దించగానే కోసిన అంచులు ఒకదానికొకటి అందవు. ఒకచోట రేకు చీల్చి సాగదీయాలి, ఇంకొకచోట స్తంభాన్ని వంచాలి. మన టింకరింగ్ మేస్త్రీలు లారీ క్యాబిన్ మీద సుత్తి, దాపుడు పట్టుకొని చేసే పనే అది. 1949 ప్రాంతంలో బాబ్, డిక్ అనే పియర్సన్ అన్నదమ్ములు తమ 1934 కూపేను అలాగే కోసి, ముందు అద్దాన్ని బాగా వెనక్కి వాల్చి, 140 మైళ్లు దాటించారు. ఆ కారు బొమ్మ 1950 ఏప్రిల్‌లో "హాట్ రాడ్" పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. మన పెద్దాయన చిన్నప్పుడు ఆ బొమ్మను గోడకు అంటించుకున్నాడట.

ఇంజను కూడా ఆ కాలపు ఫోర్డు వి-8 రకమే వాడాలని ఆయన పట్టుదల. 1932లో వచ్చిన ఆ ఇంజనులో వాల్వులు పైన ఉండవు, సిలిండర్ల పక్కనే బ్లాకులో ఉంటాయి. కాలిన పొగ బ్లాకు గుండానే, సిలిండర్ల మధ్యనుండి బయటకు పోతుంది. అందువల్ల అది త్వరగా వేడెక్కుతుంది, బ్లాకు బీటలు వారుతుంది. మూడు బ్లాకులు చూసి, రెండు పగుళ్లున్నాయని తీసేసి, మూడవది బోరింగ్ చేయించాడు. రేడియేటర్ జాలీ గుండా గాలి లోపలికి పోతే అడ్డు పెరుగుతుందని దాన్ని మూసి, వెనకవైపు పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టాడు. పరుగు కొద్ది నిమిషాలే గనుక ఆ నీళ్లు సరిపోతాయి.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది సీసపు దిమ్మెలు. పందెం కారు తేలికగా ఉండాలని నేననుకున్నాను. కానీ ఉప్పు మీద టైర్లకు పట్టు తక్కువ. బరువు లేకపోతే చక్రం తిరుగుతుంది గాని బండి ముందుకు పోదు. ఆ బరువు కూడా ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు. "బాణానికి ములుకు ముందు ఎందుకుంటుంది, ఈకలు వెనక ఎందుకుంటాయి? ఇదీ అంతే. బరువు వెనకబడితే కారు తోక ముందుకు వస్తుంది" అన్నాడాయన.

ఉప్పు అనగానే ఒక సేవకునికి ఏ వాక్యం గుర్తొస్తుందో చెప్పనక్కరలేదు. అయితే ఇక్కడి ఉప్పు ఇనుమును తినేస్తుంది. పందెం ముగిసిన తరువాత ప్రతి సందులోకీ నీళ్లు కొట్టి రోజుల తరబడి కడగాలి.

ఆ ఇంటి ఇల్లాలు

వారంలో మూడోసారి వెళ్లినప్పుడు ఆయన భార్య టీ తెచ్చి ఇచ్చి, వరండాలో నా ఎదుట కూర్చుంది. "పాస్టర్ గారూ, మీరు చెబితే వింటాడేమో. ఈ కారు నడపొద్దని చెప్పండి" అంది. ఆమె అన్నగారు పంతొమ్మిదో యేట, ఊరి వీధిలో స్నేహితులతో పందెం వేసుకొని చనిపోయాడట. అప్పటినుండి ఇంజను గట్టిగా మోగితే ఆమెకు చేతులు చల్లబడతాయి. పెళ్లయి నలభై ఐదేళ్లయినా ఆ మాట భర్తతో పూర్తిగా చెప్పలేకపోయింది.

నేను వెంటనే ఏ తీర్పూ చెప్పలేదు. ఆమె అనుమతితో ఆయన్ని పిలిచి ఒక్కటే అడిగాను: "ఆ కారులో ప్రాణం కాపాడడానికి ఏమేమి పెట్టారో ఒక్కొక్కటీ ఈవిడకు చేత్తో పట్టుకొని చూపిస్తారా?"

ఆ సాయంత్రం ఆమె మొదటిసారి ఆ షెడ్డులో గంటసేపు ఉంది. సీటు చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం. కారు పల్లీలు కొట్టినా చేతులు బయటకు పోకుండా పట్టుకునే పట్టీలు. మంటలార్పే మందు సీసా, దాని మీట. నిప్పంటని దుస్తులు. వెనక పారాచూట్. ఆ పారాచూట్ తాడును ఏ ఎత్తులో బిగించాలో కూడా లెక్క ఉంది. ఎత్తు తప్పితే అది లాగినప్పుడు కారు తూలుతుంది. మైదానంలో తనిఖీదారులు ఇవన్నీ చూసి, డ్రైవరు ఎంత త్వరగా బయటికి రాగలడో పరీక్షించిన తరువాతే వదులుతారు. కొత్త డ్రైవరు మొదటిరోజే పూర్తి వేగంతో పోవడానికి వీల్లేదు. ముందు 125 మైళ్ల లోపు, తరువాత 150 లోపు, ఆ తరువాత 175 లోపు. ఒక్కొక్క మెట్టూ ఎక్కాలి. రికార్డు రావాలంటే ఒక్కసారి పోతే చాలదు. మరునాడు మళ్లీ పరుగెత్తాలి, రెండింటి సగటు చూస్తారు.

అంతా విన్న తరువాత ఆమె, "మా అన్నకు వీటిలో ఒక్కటీ లేదు" అంది. ఆ మాట తరువాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నలభై ఐదేళ్లు దాచుకున్న దుఃఖం ఆ రాత్రి వారి మధ్య మాటల్లోకి వచ్చిందని మా బావమరిది తరువాత చెప్పాడు.

వాన, ఆ తరువాత

కారు 2022కి సిద్ధమైంది. మొత్తం పదకొండేళ్ల పని. ట్రెయిలరు మీద ఎక్కించి కుటుంబమంతా బయలుదేరింది. తీరా చూస్తే వానలకు మైదానం చెరువైంది. ఆ ఏటి స్పీడ్ వీక్ రద్దయింది. 2014, 2015లలో కూడా అలాగే రద్దయింది. ఉప్పు పొర ఏటేటా పలచబడుతోందని, పొటాష్ తీసే గనుల వల్ల కూడా నష్టం జరిగిందని, నేలకు తిరిగి ఉప్పు చేర్చే పని 1997 నుండి చేస్తున్నారని అక్కడివాళ్లు చెబుతారు. కారు అట్లాగే ఇంటికి వచ్చేసింది.

అప్పటికి పెద్దాయన చేతుల్లో వణుకు మొదలైంది. ఎవరూ అడగకముందే తానే ఒక రాత్రి భోజనాల దగ్గర, "నేను నడపను" అన్నాడట. పదకొండేళ్లు తన ఒంటి కొలతకు కుట్టుకున్న సీటు అది. అప్పుడు వారి కూతురు, నర్సుగా పనిచేసే నలభై ఏళ్ల ఆమె, "నేను కూర్చుంటాను నాన్నా" అంది. అందరూ తల్లి వైపు చూశారు. తల్లి, "పట్టీలు నేనే బిగిస్తాను, అయితేనే" అంది.

సీటు మార్చారు, పెడళ్లు దగ్గరికి జరిపారు. 2024 ఆగస్టులో ఆ కారు ఉప్పు మీద నిలిచింది. గేర్లు పెద్ద వేగానికి అమర్చినవి గనుక మొదట కదలలేదు. వెనకనుండి ఒక ట్రక్కు నెట్టి వేగం అందించాలి. ఆ ట్రక్కు నడిపింది పెద్దాయనే. మొదటి పరుగు 118 మైళ్లు. రెండవది 139. మూడవది 151, అంటే గంటకు 243 కిలోమీటర్లు. నాలుగో పరుగులో ఇంజను వేడెక్కితే ఆమె తానే వేగం తగ్గించి పక్కకు తీసింది. రికార్డు రాలేదు. ఆ 151 అచ్చయిన కాగితాన్ని తల్లి ఫ్రిజ్ మీద అంటించిందని, ఫోటో తీసి మా బావమరిది పంపాడు.

ఆ ఫోటో మా యువజనుల కూడికలో చూపించి, ఈ సంగతంతా చెప్పాను. వేగం పాపమా అని ఒక కుర్రవాడు అడిగాడు. నేను ఇలా చెప్పాను: ఆ పెద్దాయన తన ప్రాణాన్ని లెక్కలోకి తీసుకున్నాడు, ఎదుటివాడి ప్రాణాన్నీ తీసుకున్నాడు. ఎదురుగా మనిషి, ఆవు, బడిపిల్ల లేని నేల వెదుక్కున్నాడు. ఒక్క పరుగు కోసం పదకొండేళ్లు సిద్ధపడ్డాడు. చేతులు వణికినప్పుడు సీటు దిగాడు. హెల్మెట్ హ్యాండిలుకు తగిలించుకొని సంత రోజున బజారులో దూసుకుపోయేవాడు వీటిలో ఒక్కటీ చేయడు. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం న్యాయం కాదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లవాడికి ఇంజను మీద ఇష్టముంటే తిట్టి పంపేయకండి. మంచి మేస్త్రీ దగ్గర సెలవుల్లో నిలబెట్టండి. బ్రేకు విప్పి బిగించినవాడికి బ్రేకు విలువ తెలుస్తుంది. మీకు భయముంటే ఆ భయానికి కారణం వాళ్లకు చెప్పండి. మీ ఇంట్లో కూడా వేగం వల్ల పోగొట్టుకున్నవారు ఎవరైనా ఉండవచ్చు. వారి పేరు పిల్లలకు తెలియనివ్వండి. రేపు బండి తాళం చేతికిచ్చే ముందు ఒక్క పది నిమిషాలు కూర్చొని మాట్లాడండి.