తొట్లకొండ మీఁది తొట్లు

యాత్రకుఁ బోయివచ్చినవారు చూచినదంతయు వ్రాయుట వాడుక. మేమొక్క సంగతియే వ్రాయఁదలఁచితిమి.

గడచిన వేసవిలో సంగారెడ్డి నుండి కారులో బయలుదేఱి, 650 కిలోమీటర్లకు మించిన దారి దాఁటి విశాఖపట్టణము చేరితిమి. మఱునాఁడు భీమునిపట్టణపు దారిలోనున్న తొట్లకొండ నెక్కితిమి. అది సముద్రమునకు 128 మీటర్ల యెత్తున నున్నది. తూర్పుదిక్కున హద్దు తోఁపని కడలి; క్రింద నొడ్డునఁ దెల్లని నురుగు. మా చిన్నది తేఱిపాఱఁ జూచి, "నానమ్మా, ఇన్ని నీళ్లుంటే మనం నీళ్లు కొనుడెందుకు?" అని యడిగెను.

"అవి ఉప్పునీళ్లు బిడ్డా, గొంతు దిగవు" అనిరి మా యత్తగారు.

1976లో నౌకాదళమువారు విమానము నుండి సర్వే చేయుచుండఁగా నీ స్థలము కంటఁబడెనఁట. 1988 మొదలు 1992 వఱకుఁ బురావస్తుశాఖవారు త్రవ్వి, రెండువేల యేండ్లనాఁటి బౌద్ధవిహారమును వెలికిఁ దీసిరి. స్తూపము, చైత్యములు, భిక్షువుల గదులు చూచితిమి. అత్తగారు మాత్రము ఱాతిలోఁ దొలిచిన తొట్ల చెంతనే నిలిచిపోయిరి. అట్టివి 11 కలవు. కొండకుఁ బేరు వానివలననే వచ్చెను. వాననీరు చేరుటకు ఱాతిలోనే దారులు తీర్చిరి. ఒకదాని మూఁతికడ వరుసగాఁ జిన్న గుంటలున్నవి. అచ్చట వడపోత నమర్చెడివారఁట. భిక్షువునకు విధించిన యెనిమిది వస్తువులలో నీటివడపోత గుడ్డయు నొకటి గదా! ఎదుట నంతటి సముద్రముండఁగా వారు వానచినుకును నమ్ముకొని బ్రదికిరి.

అత్తగారు వట్టి తొట్టిలోనికి వంగి చూచిన తీరునకు మాకు మా బావి జ్ఞప్తికి వచ్చెను. పటాన్‌చెరు చెంత మా పల్లెలో, ఆమె కాపురమునకు వచ్చిన నాఁడు వాడ యంతయు నా నీరే త్రాగెడిది. పిమ్మటఁ గర్మాగారములు వచ్చెను. నక్కవాగు చెడెను, మా బావినీరును వాసన పట్టెను. 1990లో ఆ ప్రాంతపు కాలుష్యమునుగూర్చి సుప్రీముకోర్టున వ్యాజ్యము పడెను. మా బావిపైఁ గప్పిన బండ మాత్రము నేఁటికిని దీయలేదు. సముద్రమునకు ఉప్పు సహజము. దానిపై మాకుఁ గినుక లేదు. మా బావి యట్లు కాదు. అయినను ఎవరి నందుము? మా మఱఁది యట్టి కర్మాగారములలో నొకదానిలోనే పనిచేసి యాఁడుబిడ్డల పెండ్లిండ్లు చేసెను. ఆ మాట అత్తగారెఱుఁగుదురు, మేమును ఎఱుఁగుదుము. కొండ దిగువఱకు నెవరమును మాటాడలేదు.

ఇల్లు చేరినపిదప, మావారితోఁ జెప్పి, మిద్దెనీరు పట్టుటకు సిమెంటుతొట్టి కట్టించితిమి. తొలి రెండు వానలు మిద్దెను గడిగిపోనిచ్చి, మూఁడవ వానకు అత్తగారు తమ పాత నూలుచీరను జించి, నాలుగు మడతలు వేసి గొట్టపు మూఁతికిఁ గట్టిరి. మఱునాఁడా నీటితోఁ గందిపప్పు వండితిమి. ఎన్నఁడును లేనంత వేగముగా మెత్తఁబడెను.

అత్తగారు గరిటెతో మెదిపి చూచి, "మన బాయి నీళ్లకు గూడ ఇట్లనే ఉడికేది" అనిరి.