టీవీలో పెళ్లి ఫొటోలు

ఫోన్లో ఫొటోలు చూపిస్తే నలుగురూ మెడలు వంచాలి. పైగా ఎవరో ఒకరు వేలితో తోసేసి ఎక్కడికో పోతారు. అదే టీవీలో వేస్తే, "ఆ వెనకాల నిలబడింది మన పెద్దత్త కాదూ?" అని ఇల్లంతా వాదన. నాకు ఫొటోల కన్నా ఆ వాదనే ఇష్టం.

చాలా టీవీలకి మెమరీ కార్డు నేరుగా పెట్టే చోటుండదు. కార్డ్ రీడర్‌లో పెట్టి యూఎస్‌బీకి తగిలించాలి. 32 జీబీ కార్డులు మామూలుగా ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో వస్తాయి, పాత టీవీలూ చదువుతాయి. 64 జీబీ నుంచి ఎక్స్‌ఫ్యాట్. కొన్ని టీవీలు దాన్ని గుర్తే పట్టవు. ఐఫోన్లు 2017 నుంచి ఫొటోల్ని హెచ్ఈఐసీ అనే ఫార్మాట్‌లో దాస్తున్నాయి. టీవీలో వేసేముందు వాటిని జేపెగ్‌లోకి మార్చుకోవడం మేలు.

అసలు తంటా వరసతో. చాలా టీవీలు ఫైలు పేరునిబట్టి వేసుకుంటూ పోతాయి. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీసినవి ఒకే ఫోల్డర్లో కలిపేస్తే, అప్పగింతలయ్యాక మంగళస్నానాలొస్తాయి! పేర్ల ముందు 001, 002 అని పెట్టుకోండి.

ఇంకోమాట. టీవీ తనంతట తాను వాయించే ఆ పియానో కట్టేయండి. వెయ్యి ఫొటోలు మాత్రం వెయ్యకండి, చుట్టాలు చెప్పులు వెతుక్కుంటారు.