తీర్మానం సరే, వాగు సంగతేంది?

అక్టోబరు 2 వచ్చిందంటే పంచాయతీ కార్యదర్శికి ప్రణాళికల సీజను మొదలైనట్టే. 2018 నుంచి దేశమంతా ఇదే పద్ధతి. డిసెంబరు నెలాఖరులోగా వచ్చే ఏడాదికి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారై ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లోకి ఎక్కాలి. మేమంతా ఆ ప్రణాళికను జీపీడీపీ అంటాం. సరిగ్గా ఆ మూడు నెలల్లోనే మా నెల్లూరు జిల్లాకు ఈశాన్య రుతుపవనాలు. ఏడాది వానలో పెద్ద వాటా అప్పుడే పడాలి. నీళ్లకు ఏం చెయ్యాలో రాసుకునే కాలమూ ఆ నీళ్లొచ్చే కాలమూ ఒకటే అయి కూర్చున్నాయి. వాన కురిసేటప్పుడు వాగు గట్టున ఉండాల్సినవాణ్ణి కంప్యూటరు ముందు ఉంటాను. ఈ ఉద్యోగంలో నాకు మొదటినుంచీ మింగుడుపడనిది ఇదే.

నేను పనిచేసిందంతా పడమటి మండలాల్లో, ఆత్మకూరు, మర్రిపాడు, ఉదయగిరి చుట్టూతానే. తూర్పున పెన్నా డెల్టా పచ్చగా ఉంటే ఇక్కడ వెలిగొండల పక్కన ఎర్రనేల, గులకరాళ్లు, సర్కారు తుమ్మ, బోర్లు. సోమశిల జలాశయం అనంతసాగరం మండలంలోనే ఉంది, 78 టీఎంసీలది. నీళ్లు మాత్రం పల్లానికి పోయి డెల్టాను పండిస్తాయి. మెట్టకు ఎక్కాలంటే హైలెవల్ కాలువ పూర్తి కావాలి. ఆ కాలువ మాట వినని గ్రామసభ నాకు తగల్లేదు.

వాతావరణ మార్పు మీద స్థానిక సంస్థలు ఏం చెయ్యాలని ఈమధ్య మాకు శిక్షణలు పెడుతున్నారు. తెరమీద కేరళలోని మీనంగడి పంచాయతీని చూపిస్తారు. కర్బన సమతుల్యం సాధిస్తామని వయనాడ్ జిల్లాలోని ఆ ఊరు 2016లో నడుం కట్టింది. చెట్లు పెంచే రైతుకు ఆ చెట్ల మీదే వడ్డీలేని అప్పు ఇప్పించే పథకం పెట్టింది. తరవాత జమ్మూలోని పల్లి గ్రామం. 2022 ఏప్రిల్ 24న ప్రధాని అక్కడ 500 కిలోవాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించారు. ఆ తరవాత మెల్బోర్న్ శివార్లలోని డారెబిన్ కౌన్సిల్. వాతావరణ అత్యవసర పరిస్థితి అని ప్రపంచంలో మొట్టమొదట ప్రకటించింది అదే, 2016 డిసెంబరులో. డారెబిన్ బొమ్మ పడినప్పుడు నా పక్కన కూర్చున్న సర్పంచమ్మ మెల్లగా అడిగింది: "సారూ, వాళ్లకు బోరు ఎన్ని అడుగులకు పడతాదంట?"

ఆ రోజు మొత్తానికి నాకు పనికొచ్చిన ప్రశ్న అదొక్కటే.

కాగితం మీద మాకు అధికారం తక్కువేమీ లేదు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గవని చెప్పిన 29 అంశాల్లో తాగునీరు, చిన్నతరహా నీటిపారుదల, వాటర్‌షెడ్, సామాజిక అడవులు, వంటచెరకు, పశుగ్రాసం, సంప్రదాయేతర ఇంధనం అన్నీ ఉన్నాయి. డబ్బు దగ్గరే చిక్కు. 2021-26 కాలానికి వచ్చిన పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతానికి ముందే ముడి పడి ఉండేది. అందులో సగం తాగునీరు, వాననీటి నిల్వకు, సగం పారిశుధ్యానికి. ఆ ముడిని నేను తప్పుపట్టను. అదే లేకపోతే పైసాతో సహా సిమెంటు రోడ్డుకే పోయేది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. నేనున్న సభలో లేచిన చేతుల్లో ఎక్కువ భాగం రోడ్డు కోసమే లేచాయి. రోడ్డు అడగడం తప్పు కాదు. కానీ గోడ నుంచి గోడ దాకా సిమెంటు పరిస్తే వీధిలో పడిన చుక్క వీధిలో ఇంకదు. పక్కన జానెడు మట్టి వదలండయ్యా అంటే, ఆ జానెడులో బురదవుతుందని ఎదురింటాయన, గడ్డి మొలుస్తుందని పక్కింటాయన.

తేలిగ్గా పాసయ్యేవి కరెంటు బిల్లు తగ్గించే ప్రతిపాదనలు. ట్యూబులైట్లు తీసి ఎల్ఈడీలు పెడదామంటే కాదన్నవాళ్లు లేరు. మేం అసలు కొట్లాడింది మూడో తీగ కోసం. వీధి దీపాలకు విడిగా ఒక తీగ ఉండాలి, దానికో స్విచ్చు ఉండాలి. అది లేని వీధిలో దీపాలు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటాయి. మే నెల మిట్టమధ్యాహ్నం ఎస్సీ కాలనీలో ఒక స్తంభం కింద నిలబడి సర్పంచమ్మకు ఆ బల్బు చూపించాను. ఎండలో అది వెలుగుతోందో లేదో తెలియలేదామెకు. కొంగు నీడ పట్టుకుని చూసి, "దీనిక్కూడా బిల్లు మనమేనా?" అంది. తీగ ఎస్టిమేటు ఆ వారమే తీర్మానమైంది. ఆ బల్బుకొచ్చే కరెంటు కోసం జిల్లా తూర్పు కొసన నేలటూరులో బొగ్గు కాలుతోందని నేను చెప్పనూ లేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

మొక్కల సంగతి వేరు. వానాకాలంలో గుంతలు తీస్తాం, కానుగ, వేప, నేరేడు నాటిస్తాం, ఫొటో అప్‌లోడ్ చేస్తాం. నాటిన లెక్కకు గడి ఉంది. మూడో వేసవికి ఎన్ని బతికాయో అడిగే గడి నేను నింపిన ఫారాల్లో చూడలేదు. ఉదయగిరి ఎండకు పసి మొక్కను నిలబెట్టాలంటే మూడు వేసవులు ట్యాంకరు తిరగాలి, ముళ్లకంప కట్టాలి, కంప కాలిపోతే మళ్లీ కట్టాలి. గుంత తవ్వడానికి వచ్చినంత సులువుగా నీళ్లు పొయ్యడానికి డబ్బు రాదు. అందుకే నేను సంఖ్య తగ్గించి రాయడం మొదలుపెట్టాను, అదీ ఎక్కువగా కానుగే, మేకలు దాన్ని పెద్దగా ముట్టవు కాబట్టి. టార్గెట్ తక్కువైందని మీటింగులో లేచి నిలబడ్డ రోజులున్నాయి. అయినా బస్టాపు దగ్గర నీడ ఉంది, అది చాలు.

అసలు సంగతి చెరువులది. మెట్టలో చెరువు ఎండిందంటే అందరూ పూడిక అంటారు. 2022లో అమృత్ సరోవర్ పథకం వచ్చినప్పుడూ అంతే. జిల్లాకు 75, ఒక్కోటి ఎకరాకు తక్కువ కాకుండా, 10,000 ఘనపు మీటర్లు పట్టేలా. తవ్వాం, గట్టు సర్దాం, జెండా దిమ్మె కట్టాం. ఒక ఊళ్లో మాత్రం, వెనకటి రోజుల్లో తూము కాపలా చూసిన పెద్దాయన కర్ర పట్టుకుని ఆఫీసుకొచ్చి, "తీర్మానం సరే అబ్బయ్యా, వాగు సంగతేంది?" అన్నాడు. నాకు అర్థం కాలేదని చూసి, రమ్మని బయల్దేరదీశాడు.

చెరువు నుంచి ఎదురు నడిచాం, సప్లై ఛానల్ వెంబడి. మొదటి ఫర్లాంగు సర్కారు తుమ్మ కమ్ముకుని మనిషి దూరేలా లేదు. ఆ తరవాత తారురోడ్డు అడ్డం వచ్చింది. దాని కింద పెట్టిన తూములు రెండూ సగానికి ఇసుకతో మూసుకుపోయి ఉన్నాయి. పెద్దాయన వంగి కర్ర లోపలికి పోనిచ్చి చూపించాడు, మూరెడు కూడా పోలేదు. రోడ్డు దాటాక కాలువే లేదు, జామాయిల్ తోట ఉంది. సర్వే నంబర్లలో వాగు ఉంది, నేల మీద లేదు. కొండ మీద పడిన వాన ఆ తోట గట్టుకు కొట్టుకుని పక్క వంకలోకి మళ్లి, ఊరి చెరువును ముట్టకుండా పోతోంది. మేం తవ్విన పదివేల ఘనపు మీటర్లకు నీళ్లు వచ్చే దారి లేదు.

ఆ ఏడాది ప్రణాళికలో మొదటి పనిగా సప్లై ఛానల్ రాశాం. కంప కొట్టడం, పూడిక తియ్యడం ఉపాధి హామీ కింద. కూలి 60, సామగ్రి 40 అనే అప్పటి నిష్పత్తికి ఇలాంటి పని బాగా సరిపోయేది, అంతా కూలీయే కాబట్టి. ఎండాకాలం కూలోళ్లు పొద్దున ఆరింటికే వచ్చి పదకొండుకల్లా లేచిపోయేవాళ్లు. మేట్ కొలతలు రాసుకునేది, ఫీల్డ్ అసిస్టెంటు మస్టరు చూసుకునేవాడు. రోడ్డు తూముల ఇసుక కూడా వాళ్లే ఎత్తారు, అది మా పరిధి కాదని ఎవరో అన్నా వినలేదు. తోట రైతుతో మాత్రం చాలా రోజులు పట్టింది. తహశీల్దారు నోటీసు కంటే ఎక్కువ పని చేసింది ఆయన మేనమామ మాట. వాగుకు ఆరడుగులు వదిలాడు. చాలదు, కానీ వదిలాడు. ఆ నవంబరులో కట్ట అడుగు తడిసింది. ఈ పనికి శిలాఫలకం ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు. వాతావరణ మార్పు మీద మా పంచాయతీ చేసిన పని ఒకటి చెప్పమంటే నేను దీన్నే చెప్తాను.

అదే వాగు ఎక్కువైతే? 2021 నవంబరు మర్చిపోయేది కాదు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 19న తెగింది, సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు, కింద పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది. మా చిన్న చెరువుల దగ్గర ప్రమాదం ఇంకో రకంగా వచ్చింది. నీళ్లు ఇంకో అడుగు నిలవాలని రైతులు కలుజు (అలుగు) మీద ఇసుక బస్తాలు పేర్చుకుంటారు. కరవు ఏడాదుల అలవాటు అది. పెద్ద వానకు కలుజు పారాల్సినంత పారక కట్ట మీద బరువు పడుతుంది. ఆ రాత్రి బ్యాటరీ లైట్ల వెలుతుర్లో నడుముల్లోతు నీళ్లలో దిగి బస్తాలు లాగారు మా కుర్రాళ్లు. అప్పటినుంచి అక్టోబరు మొదటి వారంలో కలుజు ఖాళీగా ఉందని చూసి సంతకం పెట్టే పని వార్డు సభ్యుడిదని తీర్మానం రాశాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఆ తీర్మానం అక్కరకొచ్చింది.

నెగ్గనిది బోర్ల ప్రతిపాదన. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వెయ్యకూడదు. దీన్ని గ్రామసభలో చదివి వినిపిస్తే అందరూ తలలూపారు. ఆ వారమే రాత్రిపూట రిగ్గు లారీ వచ్చింది. "నా నిమ్మచెట్లు ఎండితే నువ్వొచ్చి నీళ్లు పోస్తావా సారూ?" అని అడిగిన రైతుకు నా దగ్గర జవాబు లేదు. పొగాకు బ్యారన్ల సంగతీ అంతే. కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాలకు పోయే ఆకు ఆరాలంటే దాని బరువుకు కొన్ని రెట్ల కట్టె కాలాలి. పంచాయతీ తీర్మానంతో ఆ పొయ్యి ఆరదు, ఆర్పమని అడిగే ముందు వేరే పంట ధర చూపించాలి.

బోర్ల విషయంలో నాకు నమ్మకం కలిగించింది పక్కనున్న ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాల్లో 2000 దశకంలో నడిచిన భూగర్భజలాల ప్రాజెక్టు. అక్కడ ఎవరినీ బోరు వెయ్యొద్దనలేదు. రైతులే వాన కొలిచి, బావుల్లో నీటిమట్టం కొలిచి, ఉన్న నీళ్లెన్ని, వెయ్యాలనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని ఊరందరి ముందూ లెక్క పెట్టుకున్నారు. దాన్ని చూసి మా పంపు ఆపరేటరుతో నెల నెలా పంచాయతీ బోరు మట్టం ఆఫీసు గోడ మీద రాయించాను. రేషన్ క్యూలో నిలబడ్డవాళ్లు చదివేవాళ్లు, వాదించుకునేవాళ్లు. ఒకాయన రబీలో వరి మానేసి మినుము వేశాడు. బోర్లు వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు. నాకు బదిలీ అయ్యాక గోడకు సున్నం కొట్టారని విన్నాను.

మీ ఊళ్లో ఈసారి గ్రామసభకు దండోరా వేస్తే ఒక గంట పోయి కూర్చోండి. రోడ్డు అడగండి, కాదనను. దాంతోపాటు చెరువుకు నీళ్లొచ్చే దారి ఈ ఏడాది ఎవరు నడిచి చూశారో, పోయినేడాది మొక్కల్లో ఎన్ని బతికున్నాయో కూడా అడగండి. అడిగింది మినిట్సులో రాయించండి. ఆ పుస్తకం పంచాయతీ ఆఫీసులోనే ఉంటుంది, మీరు అడిగితే కార్యదర్శి చూపించాల్సిందే.