అనంతపురం దూరం

జులై 24, 2023. చిత్తూరు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ అన్న తల దించుకునే చెప్పినాడు. "లోపలికి పంపొద్దన్నారు పాపా." కాగితమేదీ ఇవ్వలేదు. యార్డులో తోతాపురి లోడ్లు ఇంకా వరసగా ఉన్నాయి. పని లేక కాదు. పీఎఫ్ ఎందుకు జమ కాలేదని పోయిన వారం అడిగినా. అందుకేనా?

జులై 27

వేళ్ల సందుల్లో మామిడి సొన మచ్చలు. చూపుడు వేలు పక్కన తోలు ఊడి కింద ఎర్రగా. కొబ్బరినూనె రాస్తున్నా. ఎనిమిదేళ్లు బెల్టు దగ్గర నిలబడ్డా. కుళ్లిన కాయ ఏరడం, గుజ్జు చుక్క తీసి తీపి ఎంతుందో బ్రిక్స్ చూడడం, 14 రాకపోతే కేకేయడం. సీజన్ అయిపోతే డ్రమ్ములకు లేబుళ్లు. ఇంత చేసీ...

ఆగస్టు 2

ఫ్యాక్టరీ కాగితం పోస్టులో వచ్చింది. తనంతట తానే పనికి రావడం మానేసిందంట. నేనా మానేసింది? అమ్మకు చదివి వినిపించలేదు.

ఆగస్టు 9

వకీలు సారు దగ్గర. ఏడాదిలో 240 రోజులు చేసినోళ్లను తీసేయాలంటే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం ఇవ్వాలంట. పనికి రావడం లేదని తీసేయాలన్నా విచారణ జరపాల్సిందేనని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పిందంట. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత నా అపాయింట్‌మెంట్ కాగితం చూసినాడు. "సూపర్‌వైజర్ అని ఉంది కదమ్మా. జీతం పదివేలు దాటింది. వర్కరే కాదని వాదిస్తారు." చేసిన పనే లెక్కంట, హోదా కాదంట. కానీ ఆ పని చూసినోళ్లు వచ్చి చెప్పాల. ఎవరొస్తారు?

ఆగస్టు 11

బెల్టు మీద నా పక్కన నిలబడే అక్క ఇంటికి పోయినా. కాఫీ ఇచ్చింది. "నువ్వు చెప్పేది నిజమే మే. నేనొచ్చి చెప్తే రేపు నా గతేంది?" పిల్లల ఫీజులు. కోపం రాలేదు. ఆమె చేతులకూ అవే మచ్చలు.

ఆగస్టు 16

నాయన మళ్లీ 2002 సంగతులు తీసినాడు. చిత్తూరు డెయిరీ మూతపడిన ఏడాది. "అప్పుడు ఎవురు ఏం చేసినారు, సర్దుకోలేదా?" మూతపడితే అందరికీ కష్టమే. నన్ను ఒక్కదాన్నే కదా పంపించింది. పైకి అనలేదు.

ఆగస్టు 20

మేనేజరు ఫోన్. సంతకం పెడితే అరవై వేలు. వదిన తీసుకోమంటుంది. లేబర్ కోర్టు అనంతపురంలో. మదనపల్లి, కదిరి దాటి పోవాల. వాయిదా వాయిదాకీ చార్జీలు, కూలి పోవడం. ఎన్నేళ్లో. అరవై వేలతో అప్పు తీరుతుంది...

ఆ సంతకం కాగితంలోనూ నేనే మానేసినానని ఉంటుందా?

ఆగస్టు 21

అడిగినా. ఉంటుందంట.

ఆగస్టు 28

ముందు లేబర్ ఆఫీసులో అర్జీ. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా కోర్టుకు పోవచ్చు. తీసేసిన మూడేళ్లలోపు వేయాల. అన్యాయంగా తీసేస్తే ఉద్యోగంతో పాటు పాత జీతం ఇప్పించడమే మామూలు పద్ధతని 2013 తీర్పు ఉందంట. వేరే చోట సంపాదిస్తున్నానని వాళ్లు చూపిస్తే తగ్గొచ్చంట. అంతవరకూ ఇంట్లో కూర్చోవాలా? పిల్లోడికి బువ్వ? పని దొరికితే పోతా.

సెప్టెంబరు 4

చీకటి పడినాక అక్క వచ్చింది. ఫోన్లో పోయిన సీజన్ షిఫ్టు చార్టు ఫొటో. సూపర్‌వైజర్ల వరసలో నా పేరు లేదు. బెల్టు నంబరు కింద, అక్క పేరు పక్కన ఉంది. "కోర్టుకైతే రాలేను, ఇది పెట్టుకో" అని పంపించింది. కూర్చోమంటే కూర్చోలేదు.

సెప్టెంబరు 6

అర్జీ రాసినా. ఏం కోరుతున్నావు అనే చోట వకీలు సారు పరిహారం అని మొదలుపెట్టినాడు. కొట్టేయమన్నా. ముందు ఉద్యోగం. డబ్బు దాని కింద.