బొంకులదిబ్బ, బడా బజార్

ఢిల్లీలో కరోల్ బాగ్ మెట్రో దిగి, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో బడా బజార్ మార్గ్ వెంట నడుస్తుంటే, ఒకే సివిల్స్ ర్యాంకర్ మూడు కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద నవ్వుతూ కనబడ్డాడు.

"ముగ్గురూ కన్నారట్రా ఇతన్ని?" అన్నాను.

"ఒకచోట క్లాసులు, ఒకచోట టెస్ట్ సిరీస్, ఇంకోచోట మాక్ ఇంటర్వ్యూ, మావయ్యా" అన్నాడు మా మేనల్లుడు, అదేమంత వింత కానట్టు.

సివిల్స్‌కి వాడి ఆప్షనల్ తెలుగు సాహిత్యం. గదిలో మంచం పట్టగా మిగిలిన జాగాలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, నోట్సు చేతికిచ్చాడు. 'గిరీశం అంతరంగం' అని శీర్షిక. కింద వరసగా స్వార్థం, కపటం, స్త్రీలోలత్వం, కీర్తికాంక్ష. కిరాణా కొట్టు చీటీలా ఉంది.

అసలు ఆ అంతరంగంలో దాచిందేముంది? గురజాడ నాటకం 'కన్యాశుల్కం' తెర లేవగానే విజయనగరం బొంకులదిబ్బ మీద నిలబడి వాడే అంతా కక్కేస్తాడు. సంతలో సామాను తెస్తానని పూటకూళ్ళమ్మ దగ్గర పట్టుకెళ్ళిన ఇరవై రూపాయలు వేశ్య పాలు చేశాడు. ఇక ఊళ్ళో నిలవలేడు. శిష్యుడు వెంకటేశం సెలవులకి కృష్ణరాయపురం అగ్రహారంలోని ఇంటికి వెళ్తున్నాడు కనక, గురువూ వెంట వెళ్తాడు. మనకి ముందే తెలుసు, అగ్రహారానికే తెలీదు. వాడు మనతోనూ చేయి కలిపేశాడన్నమాట. అందుకే వాడి మీద కోపం రాదు, వాడు దొరికిపోతాడేమోనని బెంగ వస్తుంది!

కృష్ణరాయపురం చేరాక చూడండి. ఎవరికి ఏది కొరతో వాళ్ళకి అదే అమ్ముతాడు. వెంకటేశం తల్లి వెంకమ్మ, కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని ముచ్చట పడుతుంది. గురువు చుక్కల మీది పిల్లల పాట అప్పజెబుతాడు, శిష్యుడు రీడర్లో ముక్కలు విసురుతాడు, తల్లి మురిసిపోతుంది. ఏం మాట్లాడుకున్నారంటే, సెలవుల్లో చదువు ఎలా సాగించాలా అని! ఈ బజారులో ఆ జవాబుకి ఇప్పటికీ గిరాకీ ఉంది.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం వెంకటేశం అక్క బుచ్చమ్మ సంగతి. బాలవితంతువు పెళ్ళి చేసుకోవచ్చని వాడు ఆమెకి చెప్పే మాట అబద్ధం కాదు. గురజాడ నమ్మిన మాటే అది. 1892లో నాటకం ఆడించి, 1897లో అచ్చు వేసినప్పుడు ఇంగ్లీషు పీఠికలో సంఘసంస్కరణ కోసమే రాశానన్నాడాయన. ఆ సంస్కరణని తీసుకెళ్ళి ఒక టక్కరి నోట్లో పెట్టాడు. 1909 నాటి ప్రతిలో ఆ టక్కరిని మరింత పెంచాడు. అబద్ధంతో మోసగించేవాణ్ణి పసిగట్టొచ్చు. నిజంతో మోసగించేవాణ్ణి ఎలా పట్టుకోవడం? బుచ్చమ్మ మీద వాడికి నిజంగా మనసు పడిందో లేదో వాడికే తెలుసా? రోజూ చెప్పే ఉపన్యాసాన్ని చెప్పేవాడే నమ్మడం మొదలుపెడితే, ఇక లోపలేది, బయటేది? వేశ్య మధురవాణికి ఈ గొడవ లేదు. మాటలు అమ్ముకునేవాణ్ణి ఆమె ఇట్టే పోల్చుకుంటుంది. చివర్లో వకీలు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపించేస్తాడు, వీణ్ణి చదువుకోమంటాడు. జైలూ లేదు, పెళ్ళీ లేదు. అంత సరైన శిక్ష మన నాటకాల్లో మరోటి నాకు కనబడలేదు.

ఇదంతా చెబితే మావాడు నోట్సులో 'సంక్లిష్ట పాత్ర' అని రాసుకున్నాడు. పోనీలే, మార్కులొస్తాయి.

సాయంత్రం ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్ళాం. ఇస్త్రీ చొక్కా కౌన్సిలర్ కుర్రాడు ఎంతో నెమ్మదిగా చెప్పాడు: రోజూ పేపరు చదవాలి, జవాబులు రాసి దిద్దించుకోవాలి, ఓపిక కావాలి. ఒక్కటీ అబద్ధం కాదు. మీ అబ్బాయి కళ్ళలో ఆ పట్టుదల కనిపిస్తోంది సార్, అని కూడా అన్నాడు. రాయితీ ఈ రాత్రి వరకేనట.

రెండు వాయిదాల్లో కట్టొచ్చా అని అడిగింది నేనే.